లైనక్స్‌లో పాత టీవీ ట్యూనర్ కార్డు: నీలం తెర తప్ప ఏమీ రావడం లేదు

టేపుమోజు — శనివారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. అటక మీద ఒక పాత పీసీఐ టీవీ ట్యూనర్ కార్డు దొరికింది. దానితో ఒకే ఒక్క పని ఉంది. ఇంట్లో పదకొండు వీహెచ్ఎస్ టేపులున్నాయి, వాటిని కంప్యూటర్లోకి ఎక్కించాలి. ప్లేయర్ తిరుగుతోంది కానీ వెనకాల పసుపుపచ్చ వీడియో జాకు లోపల ఎక్కడో విరిగిపోయింది. యాంటెన్నా సాకెట్ ఒక్కటే బాగుంది. అందుకే మామూలు క్యాప్చర్ డబ్బా కాకుండా ట్యూనర్ ఉన్న కార్డే కావాల్సి వచ్చింది.

డెబియన్ 12 లైనక్స్, దాని లోపలి గుండెకాయ కెర్నల్ 6.1. కార్డు పెట్టి ఆన్ చేయగానే, లైనక్స్ వీడియో కార్డుకు ఇచ్చే పేరు /డెవ్/వీడియో0 వచ్చింది. సంబరపడ్డాను. టీవీ చూపించే ప్రోగ్రాం టీవీటైమ్ తెరిస్తే నిండా నీలం. ఛానెళ్లు వెతకమంటే చివరిదాకా వెళ్లి ఒట్టి చేతులతో తిరిగొచ్చింది. అట్టపెట్టె మీద కార్డు పేరు ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఉంది, తయారుచేసినవాళ్ల పేరు మాత్రం ఎక్కడా లేదు. లోపలి సీడీలో లైనక్స్ అనే మాటే లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

రాత్రిబండి — శనివారం, రాత్రి 9:58

బ్రో, ఇరవయ్యేళ్ల నాటి కార్డు కోసం ఇంత తంటా ఎందుకు? మంచి ప్లేయర్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకో, యూఎస్‌బీ క్యాప్చర్ పెట్టుకో, గంటలో పని అయిపోతుంది. లేదంటే డిస్ట్రో (లైనక్స్ రకం) మార్చి చూడు. డెబియన్‌లో అన్నీ పాతవే ఉంటాయి.

కెర్నల్‌కాకి — శనివారం, రాత్రి 10:20

డిస్ట్రో మార్చకండి. ఈ డ్రైవర్లు కెర్నల్‌లోనే ఉంటాయి, ఏ డిస్ట్రో వేసినా అవే.

టేపుమోజు గారూ, ముందు ఆ అట్టపెట్టె పక్కన పెట్టేయండి. దాని మీద రాసినదానికి విలువ లేదు. ఒకే పేరుతో, ఒకే బొమ్మతో మూడు నాలుగు రకాల కార్డులు అమ్మిన రోజులవి. లైనక్స్ పెట్టెను చూడదు, చిప్పును చూస్తుంది. ఆ కాలపు అనలాగ్ కార్డుల్లో ఎక్కువ భాగం మూడు కుటుంబాలవే: బీటీ848, బీటీ878 అయితే బీటీటీవీ డ్రైవరు; ఫిలిప్స్ ఎస్ఏఏ713ఎక్స్ అయితే ఎస్ఏఏ7134 డ్రైవరు; కొనెక్సాంట్ సీఎక్స్2388ఎక్స్ అయితే సీఎక్స్88 డ్రైవరు. మీది ఏ ఇంటిదో తెలిస్తే సగం పని అయినట్టే.

పీసీఐ కార్డుల జాబితా చూపే ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌కు -ఎన్ఎన్‌వీకే జోడించి కొట్టండి, అందులో మల్టీమీడియా అని ఉన్న భాగం పెట్టండి. కార్డు మేల్కొన్నప్పుడు కెర్నల్ ఏమందో డీమెసేజ్‌లో ఉంటుంది, అదీ పెట్టండి. కత్తిరించకుండా.

టేపుమోజు — శనివారం, రాత్రి 10:47

ఎల్ఎస్‌పీసీఐ చెప్పింది: ఫిలిప్స్ ఎస్ఏఏ7130 వీడియో బ్రాడ్‌కాస్ట్ డీకోడర్, 1131:7130. సబ్‌సిస్టమ్ 1131:0000. వాడుకలో ఉన్న డ్రైవరు ఎస్ఏఏ7134.

డీమెసేజ్ చదివి నవ్వాపుకోలేకపోయాను. కెర్నల్ నన్ను అభినందిస్తోంది! "శుభాకాంక్షలు, మీ టీవీ కార్డు అమ్మినవాళ్లు ఈఈప్రామ్ పెట్టకుండా నాలుగు పైసలు మిగుల్చుకున్నారు, అందుకే మీ బోర్డుకు సబ్‌సిస్టమ్ ఐడీ లేదు, నేను దాన్ని గుర్తుపట్టలేను" అన్న అర్థంలో ఒక పెద్ద గొణుగుడు. ఆ తర్వాత "ఇప్పుడు మనసు తేలికపడింది" అని కూడా ఉంది. దాని కింద కార్డుల పేర్లు, అంకెలు చాంతాడంత. ఎవరైనా ఆటపట్టించడానికి పెట్టారా ఇది?

కెర్నల్‌కాకి — శనివారం, రాత్రి 11:05

ఆటపట్టించడం కాదు, ఆ డ్రైవరు రాసినవాళ్ల కడుపుమంట. ఏళ్ల తరబడి అలాగే ఉంది, ఎవరూ తీసేయలేదు. తీసేయకూడదు కూడా.

సంగతి ఇదీ. 1131 ఫిలిప్స్ నంబరు, 7130 చిప్పు నంబరు. చిప్పు ఏదో తెలుస్తుంది గానీ, దాని చుట్టూ బోర్డు మీద ఏం అతికించారో చిప్పుకు తెలియదు. ఏ ట్యూనర్ డబ్బా వాడారు, ఏ వీడియో పిన్నుకు ట్యూనర్ కలిపారు, ఏ పిన్నుకు ఎస్-వీడియో కలిపారు, ధ్వనిని అటూ ఇటూ మార్చే స్విచ్ చిప్పు నుంచి స్విచ్‌లను నడిపే ఏ జీపీఐఓ తీగ మీద ఉంది, ఇవన్నీ బోర్డు బోర్డుకూ మారతాయి. మామూలుగా ఈఈప్రామ్ అనే చిన్న మెమరీ చిప్పులో బోర్డు గుర్తు ఉంటుంది, డ్రైవరు దాన్ని చదివి తన జాబితాలో పోల్చుకుంటుంది. మీ కార్డులో ఆ ముక్కే లేదు, అందుకే సబ్‌సిస్టమ్ చోట సున్నాలు. డ్రైవరు దాన్ని 0వ నంబరు కింద, అంటే "తెలియనిది" కింద వేసుకుంది. 0వ నంబరులో ట్యూనరే లేదు. నీలం తెర కాక ఇంకేం వస్తుంది?

ఆ చాంతాడులో రెండొందలకు కాస్త తక్కువ కార్డులున్నాయి. వరసగా ఒక్కోటీ వేసి చూద్దామనిపిస్తుంది, వద్దు. ఎక్కువసార్లు ఏమీ కాదు, కానీ తప్పు నంబరు అంటే బోర్డు మీది తీగలను తోచినట్టు లాగడమే. ముందు కార్డు బయటికి తీసి కళ్లతో చూడండి.

సోల్డరింగ్‌సూరి — ఆదివారం, ఉదయం 7:15

చూడాల్సినవి చెప్తా.

ఒకటి, ఇనప రేకు డబ్బా, యాంటెన్నా సాకెట్ దానికే ఉంటుంది. దాని మీద స్టిక్కరు ఉంటే నమ్మొద్దు, కార్డు అమ్మినవాళ్లు తమ స్టిక్కరు అంటిస్తారు. అసలు పేరు కింద ఉంటుంది. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో కాస్త వేడి చేసి మెల్లగా లాగండి, గోకొద్దు.

ఇంకోటి, వెనక పట్టీ మీద ఎన్ని కన్నాలున్నాయి, ఏవేవి. చిన్న గుండ్రటి కన్నాలు మరీ ముఖ్యం. బోర్డు పైఅంచున నాలుగు పిన్నుల తెల్ల సాకెట్ ఏమైనా ఉందా?

పనిలో పని, బంగారు రంగు పళ్లను తెల్ల రబ్బరుతో రుద్ది, పొడి గుడ్డతో తుడిచి పెట్టండి. ఇన్నేళ్లు అటక మీద ఉన్న కార్డు కదా.

టేపుమోజు — ఆదివారం, ఉదయం 10:30

సూరి గారూ, మీ మాటే నిజం. స్టిక్కరు మీద ఒక పేరు, కింద రేకు మీద "ఫిలిప్స్ ఎఫ్ఐ1216 ఎంకే2" అని చెక్కి ఉంది. స్టిక్కరు చెయ్యంతా అంటుకుంది, ఇంకా వదల్లేదు.

కన్నాలు: యాంటెన్నా, పసుపు వీడియో, ఎస్-వీడియో, రెండు చిన్న గుండ్రటివి. ఒకదాని పక్కన రిమోట్ బొమ్మ ఉంది. రెండోదాని పక్కన ఏదో గీత గీసి ఉంది, అర్థం కాలేదు. పైన నాలుగు పిన్నుల సాకెట్ లేదు, దాని కోసం వదిలిన ఖాళీ చుక్కలు మాత్రం ఉన్నాయి.

కెర్నల్‌కాకి — ఆదివారం, ఉదయం 11:10

శుభం. ఎఫ్ఐ1216 అంటే ట్యూనర్ల జాబితాలో 5వ నంబరు, పాల్ బీజీ అనే అనలాగ్ టీవీ పద్ధతిది. ఇక కార్డు నంబరు. 7130 చిప్పుతో వచ్చిన పేరులేని కార్డుల్లో చాలా వాటికి 3 సరిపోతుంది, అంటే లైఫ్‌వ్యూ ఫ్లైవీడియో2000. దాన్ని చూసి చేసిన నకళ్లు అన్ని ఉన్నాయి మరి. కాకపోతే 3వ నంబరుకు డ్రైవరు ఎల్‌జీ ట్యూనర్ (37) ఉంటుందనుకుంటుంది, అందుకే ట్యూనర్ నంబరు మనమే చెప్పాలి.

ముందు టీవీటైమ్ మూసేయండి. డ్రైవర్లను ఎక్కించి దించే మోడ్‌ప్రోబ్ కమాండ్‌కు -ఆర్ ఇచ్చి ఎస్ఏఏ7134_అల్సా (ధ్వని భాగం), తర్వాత ఎస్ఏఏ7134, ఈ వరసలోనే దించండి. మొదటిది రెండోదాని భుజాల మీద కూర్చుని ఉంటుంది, కిందివాణ్ణి ముందు లాగితే "వాడుకలో ఉంది" అంటుంది. ఆపైన:

మోడ్‌ప్రోబ్ ఎస్ఏఏ7134 కార్డ్=3 ట్యూనర్=5

ఆ పదాలన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటా. సమానం గుర్తుకు అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు.

టేపుమోజు — ఆదివారం, ఉదయం 11:52

నీలం పోయింది! ఇప్పుడు తెర నిండా చుక్కలు, చీమలు పాకుతున్నట్టు. చిన్నప్పటి తర్వాత మళ్లీ ఇప్పుడే చూడటం. ఇది మంచి కబురేనా? ఛానెళ్ల వెతుకులాటలో మాత్రం మళ్లీ ఏమీ దొరకలేదు. ప్లేయర్‌లో టేపు తిరుగుతూనే ఉంది.

చుక్కలముగ్గు — ఆదివారం, మధ్యాహ్నం 12:25

చాలా మంచి కబురు. చుక్కలంటే ట్యూనర్ మాట వింటోంది, మీరు చెప్పిన పౌనఃపున్యానికి వెళ్తోంది, అక్కడ ఏమీ లేదని చూపిస్తోంది. అన్నట్టు, టీవీటైమ్‌లో సిగ్నల్ లేకపోతే నీలం వేసే ఏర్పాటు వేరే ఉంది, దాన్ని ఆపేసి ఉంచండి. ఇలాంటి వేటలో చుక్కలు కనబడాలి.

ఇక ప్లేయర్ వైపు వద్దాం. యాంటెన్నా సాకెట్ నుంచి వచ్చేది వీడియో కాదు, చిన్న సైజు టీవీ స్టేషన్. ప్లేయర్ లోపల ఒక మాడ్యులేటర్ కూర్చుని, బొమ్మను, ధ్వనిని ఏదో ఒక ఛానెల్ మీద ప్రసారం చేస్తుంది. పాల్ యంత్రాల్లో సాధారణంగా యూహెచ్ఎఫ్ 36, లేదా దాని చుట్టుపక్కల. ఎన్‌టీఎస్‌సీ (అమెరికా పద్ధతి) యంత్రాల్లో అయితే 3 లేదా 4. స్టేషన్ల పేర్లతో తయారైన జాబితాల్లో ఇది ఉండదు, చేత్తో వెతకాలి.

1. ప్లేయర్‌లో యాంటెన్నా సాకెట్లు రెండుంటాయి, లోపలికొకటి, బయటికొకటి. కేబుల్ బయటికి వెళ్లేదానికే ఉందా?
2. వెనకాల "టెస్ట్" అని బుల్లి స్విచ్ ఉందేమో చూడండి. ఉంటే ఆన్ చేయండి, నల్ల తెర మీద తెల్ల పట్టీలు వస్తాయి. టేపు కంటే పట్టుకోవడం సులువు, టేపూ అరగదు.
3. టీవీటైమ్‌లో పౌనఃపున్యాల పట్టిక యూరప్‌కు మార్చి, 30 నుంచి 40 వరకు ఒక్కో ఛానెలూ మెల్లగా నొక్కండి. ఒక్కోటీ 8 మెగాహెర్ట్జ్ దూరం. 36 అంటే 591.25 మెగాహెర్ట్జ్. కమాండ్‌తో కావాలంటే వీ4ఎల్2-సీటీఎల్‌కు -ఎఫ్ ఇచ్చి నేరుగా ఆ అంకె చెప్పొచ్చు.

టేపుమోజు — ఆదివారం, మధ్యాహ్నం 1:40

అక్కా, పట్టేశాను! కేబుల్ లోపలి సాకెట్‌కు ఉంది, సిగ్గుగా ఉంది చెప్పడానికి. మార్చాక 38 మీద, అంటే 607.25 దగ్గర, తెల్ల పట్టీలు నిటారుగా నిలబడ్డాయి. టెస్ట్ ఆపి టేపు వేస్తే బొమ్మ! రంగులు కూడా. మా పాత ఇంటి వాకిలి.

ధ్వని మాత్రం లేదు. ఒక్క ముక్క కూడా. ఈ టేపుల్లో నాకు బొమ్మ కంటే మాటలే ముఖ్యం. ధ్వని రికార్డు చేసే పరికరాల జాబితా కోసం ఎరికార్డ్ -ఎల్ కొడితే మదర్‌బోర్డు సౌండు తప్ప వేరే కార్డు కనబడటం లేదు. ఎస్ఏఏ7134_అల్సా ఎక్కే ఉంది.

రాత్రిబండి — ఆదివారం, మధ్యాహ్నం 2:05

అది ధ్వనిని నడిపించే ప్రోగ్రాం పైప్‌వైర్ గొడవ బ్రో. పైప్‌వైర్ తీసేసి పల్స్ఆడియో వేసి చూడు. అల్సాలో కార్డుల వరస కూడా మార్చు, ఇండెక్స్ ఇవ్వు. అప్పటికీ రాకపోతే అల్సా సెట్టింగులు మొత్తం చెరిపి మళ్లీ రాయి.

ఆకుపచ్చతెర — ఆదివారం, సాయంత్రం 4:30

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది యూఎస్‌బీ డిజిటల్ స్టిక్కు, ఎల్ఎస్‌యూఎస్‌బీలో 0బీడీఏ:2838. పోయిన నెల దాకా కాఫీన్ ప్లేయర్‌లో బాగా వచ్చేది. ఇప్పుడు /డెవ్/డీవీబీ ఫోల్డరే లేదు. ఇదీ ట్యూనర్ గొడవే కదా అని ఇక్కడే అడుగుతున్నా.

కెర్నల్‌కాకి — ఆదివారం, సాయంత్రం 4:50

మీరు ఈ మధ్య రేడియో సరదాతో ఆర్టీఎల్-ఎస్‌డీఆర్ ప్యాకేజీ వేశారు. అవునా? అది ఆ చిప్పును తనకే ఉంచుకోవాలని /ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డి లోనో, /లిబ్/మోడ్‌ప్రోబ్.డి లోనో డీవీబీ_యూఎస్‌బీ_ఆర్టీఎల్28ఎక్స్ఎక్స్‌యూ మీద నిషేధం రాస్తుంది. ఆ వరస ముందు హాష్ గుర్తు (#) పెట్టి స్టిక్కు పీకి మళ్లీ గుచ్చండి. రేడియో, టీవీ రెండూ ఒకేసారి ఆ స్టిక్కుతో కుదరవు. ఇంకా సందేహాలుంటే వేరే చర్చ తెరవండి, ఇక్కడ పాపం టేపులాయన గొంతు కోసం ఎదురుచూస్తున్నాడు.

ఆకుపచ్చతెర — ఆదివారం, సాయంత్రం 5:02

అచ్చంగా అదే! చేతబడి చేశారా ఏంటండీ. వచ్చేసింది. వెళ్లొస్తా.

టేపుమోజు — ఆదివారం, సాయంత్రం 6:15

రాత్రిబండి చెప్పినవన్నీ చేశాను. పైప్‌వైర్ తీసేశాను, పల్స్ఆడియో వేశాను, ఇండెక్స్ మార్చాను. నాలుగు గంటలు పట్టింది. ఇప్పుడు టీవీ ధ్వనితో పాటు మామూలు పాటలు కూడా రావడం లేదు.

సోల్డరింగ్‌సూరి — ఆదివారం, సాయంత్రం 6:40

ఆగండాగండి. ఏమీ ముట్టుకోకండి. చిప్పు 7130 కదా?

7134, 7133 చిప్పులు ధ్వనిని అంకెలుగా మార్చి పీసీఐ బస్సు మీద కంప్యూటర్‌కు పంపుతాయి. వాటికే ఆ అల్సా మాడ్యూల్. 7130కి ఆ అంగమే లేదు. అది బొమ్మను మాత్రమే బస్సు ఎక్కిస్తుంది. ధ్వని అనలాగ్‌గా లోపల దారి మార్చుకుని, పట్టీ మీది కన్నంలోంచి బయటికి పోతుంది. మీకు అర్థం కాని ఆ గీత ఉన్న కన్నం అదే. రెండు వైపులా 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఉన్న కేబుల్ తీసుకుని, ఆ కన్నం నుంచి మదర్‌బోర్డు నీలం రంగు లైన్-ఇన్‌లోకి గుచ్చండి. గులాబీ రంగుది మైకు, అందులో వద్దు.

కెర్నల్‌కాకి — ఆదివారం, సాయంత్రం 7:00

సూరి చెప్పింది అక్షరాలా నిజం, తప్పు నాది. శనివారం రాత్రే ఆయన 7130 అని పెట్టారు, నేను చూశాను, ట్యూనర్ గోలలో పడి ధ్వని సంగతి చెప్పడం మరిచాను. డీమెసేజ్‌లో వెతకండి, అల్సా మాడ్యూల్ ఎక్కినప్పుడు ఈ కార్డు డిజిటల్ ఆడియో ఇవ్వదని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుని ఉంటుంది. మాడ్యూల్ జాబితాలో కనబడినంత మాత్రాన పని చేస్తున్నట్టు కాదు.

పైప్‌వైర్ మళ్లీ వేసుకోండి. అల్సామిక్సర్‌లో ఎఫ్4 నొక్కితే క్యాప్చర్ వరస వస్తుంది, అక్కడ లైన్ ఎంచుకుని మీటను సగం దాకా లేపండి. ఇంకో మాట, టీవీటైమ్ తెరిచి ఉండగానే ధ్వని పరీక్షించండి. /డెవ్/వీడియో0ను ఎవరూ పట్టుకోకపోతే డ్రైవరు ట్యూనర్‌ను నిద్రపుచ్చుతుంది.

రాత్రిబండి — ఆదివారం, సాయంత్రం 7:08

సారీ బ్రో. చిప్పు నంబరు చూడకుండా వాగాను.

టేపుమోజు — ఆదివారం, రాత్రి 8:20

పర్లేదండీ, పాటలు తిరిగొచ్చాయి. కేబుల్ గుచ్చాను. ఇప్పుడు ధ్వని ఉంది, కానీ మాట కాదు. నూనెలో తాలింపు వేసినట్టు గట్టిగా షర్ర్ అని. తెర మీద నోళ్లు కదులుతున్నాయి, బొమ్మ శుభ్రంగా ఉంది. కేబుల్ మార్చి చూశాను, అదే. ప్లేయర్ ఆపితే షర్ర్ అలాగే ఉంటుంది.

చుక్కలముగ్గు — ఆదివారం, రాత్రి 8:55

మీ ఆఖరి వాక్యంలో ఉంది కీలకం. ప్లేయర్ ఆపినా ఆ హోరు మారలేదంటే, ధ్వని కోసం కార్డు చెవి పెట్టిన చోట అసలు ఏమీ లేదు. మీరు వింటున్నది ఖాళీ.

అనలాగ్ టీవీలో బొమ్మ ఒక వాహకతరంగం మీద, ధ్వని దానికి కొంచెం పైన ఇంకో తరంగం మీద వస్తాయి. ఆ ఎడం ఎంతన్నదే పద్ధతులకున్న పెద్ద తేడా. పాల్ బీజీలో 5.5 మెగాహెర్ట్జ్, పాల్ ఐలో 6, డీకేలో 6.5, ఎన్‌టీఎస్‌సీ ఎంలో 4.5. బొమ్మకు బీజీ అయినా డీకే అయినా పెద్ద తేడా పడదు, చక్కగా వస్తుంది. ధ్వని మాత్రం ఒక మెగాహెర్ట్జ్ పక్కన నిలబడి ఉంటుంది, కార్డు దాని ఇంటి తలుపు కాక పక్కింటి తలుపు కొడుతుంది.

ఇప్పుడు వీ4ఎల్2-సీటీఎల్‌కు -ఎస్ ఇచ్చి పాల్-డి అని మార్చమంటారని మీరనుకోవచ్చు. కొన్ని కార్డుల్లో అది చాలు, వాటిలో ధ్వనిని విడదీసే టీడీఏ9887 లాంటి చిప్పుకు డ్రైవరు చెప్పగలదు. మీ ఎఫ్ఐ1216 డబ్బా అలా కాదు, లోపలి ఫిల్టర్లు బీజీకి బిగించి వచ్చాయి. డ్రైవరు ఎంత బతిమాలినా 5.5 దగ్గరే వింటుంది. కాబట్టి కార్డును కాదు, ప్లేయర్‌ను మార్చాలి. టెస్ట్ స్విచ్ పక్కనే ఇంకో బుల్లి స్విచ్ ఉందా? జీ, కే అనో, జీ, ఐ అనో రాసి ఉంటుంది. కొన్నింటిలో స్విచ్ ఉండదు, రిమోట్ మెనూలో ఉంటుంది.

టేపుమోజు — ఆదివారం, రాత్రి 9:31

స్విచ్ ఉంది. దుమ్ము కింద, జీ-కే అని. కే వైపు ఉంది. అగ్గిపుల్లతో జీ వైపు తోశాను.

వచ్చింది. మొదట వినబడ్డ మాట మా నాన్నది. "ఆ లైటు కాస్త అటు తిప్పరా, మొహం మీద పడుతోంది" అని విసుక్కుంటున్నాడు. ఎవర్ని అన్నాడో తెరలో లేదు, కెమెరా వెనకున్న నన్నే అయ్యుంటుంది. కాసేపు టేపు అలా తిరగనిచ్చాను. మిగతాది రేపు రాస్తాను.

టేపుమోజు — మంగళవారం, రాత్రి 10:10

రెండు టేపులు రికార్డు చేశాను, ఎఫ్ఎఫ్ఎంపెగ్ ప్రోగ్రాంతో. బొమ్మ /డెవ్/వీడియో0 నుంచి, ధ్వని లైన్-ఇన్ నుంచి. మొదటి పావుగంట సరిగ్గా ఉంటుంది, నలభై నిమిషాలకు పెదవులకూ మాటలకూ పొంతన ఉండదు. ఒకటిన్నర సెకన్ల తేడా. ఇంకో సంగతి, నేను 352 బై 288లో తీశాను, బొమ్మ మొద్దుబారినట్టుంది.

కెర్నల్‌కాకి — మంగళవారం, రాత్రి 10:45

మొద్దుబారడం సంగతి ముందు. పాల్ చట్రంలో (ఫ్రేమ్‌లో) కనబడే గీతలు 576, రెండు క్షేత్రాలుగా (ఫీల్డులుగా) సగం సగం వస్తాయి. 288 అడిగితే డ్రైవరు ఒక క్షేత్రం ఇచ్చి రెండోది పారేస్తుంది. 720 బై 576 అడగండి. కదలికల దగ్గర దువ్వెన పళ్లలా గీతలు కనబడతాయి, కంగారు పడొద్దు, అది తప్పు కాదు, తర్వాత తీసేయొచ్చు.

పొంతన గురించి: బొమ్మ గడియారం కార్డు మీద ఉంది, ధ్వని గడియారం మదర్‌బోర్డు మీద ఉంది. రెండు వేర్వేరు స్ఫటికాలు, ఏ రెండూ అచ్చంగా ఒకే వేగంతో నడవవు. ఆడియో ఫిల్టర్‌గా ఎరీశాంపుల్ పెట్టి, అందులో ఎసింక్‌కు 1000 ఇవ్వండి. ధ్వనిని కాలముద్రల ప్రకారం కొద్దికొద్దిగా సాగదీసి సర్దుతుంది.

చుక్కలముగ్గు — మంగళవారం, రాత్రి 11:20

కాకి గారితో సగమే ఏకీభవిస్తాను. స్ఫటికాల తేడా నలభై నిమిషాలకు ఒకటిన్నర సెకన్లు తేవడం నాకు నమ్మబుద్ధి కాదు. అది మిల్లీసెకన్ల లెక్క, కిందా మీదా పడితే పదో వంతు సెకను. నాకు టేపు మీదే అనుమానం. పాత వీహెచ్ఎస్‌లో ఒక రికార్డింగు ఆగి ఇంకోటి మొదలయ్యే చోట సింక్ (చట్రం ఎక్కడ మొదలవుతుందో చెప్పే గుర్తు) తెగిపోతుంది, అప్పుడు కొన్ని చట్రాలు పోతాయి. ధ్వని మాత్రం ఆగదు, దానికి సింక్‌తో పని లేదు. పోయిన చట్రాల మేర బొమ్మ ముందుకు జరిగిపోతుంది.

టేపుమోజు గారూ, తేడా మెల్లగా పెరుగుతోందా, లేక కొన్ని చోట్ల ఒక్కసారిగా దూకుతోందా? మెల్లగా అయితే గడియారాలు. దూకితే టేపు.

టేపుమోజు — బుధవారం, ఉదయం 6:50

దూకుతోంది! ఐదు చోట్ల. ప్రతి దూకుడు ముందూ తెర ఒక్క క్షణం చిందరవందర అవుతుంది.

చుక్కలముగ్గు — బుధవారం, ఉదయం 8:05

అయితే చట్రాలకు వరస సంఖ్యను బట్టి కాక, వచ్చిన సమయాన్ని బట్టి ముద్ర పడాలి. బయటికి రాసేటప్పుడు ఫ్రేమ్ రేటు సెకనుకు 25 అని చేత్తో పెట్టారా? పెట్టి ఉంటే, కాలముద్రలు పట్టించుకోకుండా వరసగా పేర్చిన అవకాశం ఉంది. స్థిరమైన రేటు అడిగితే, పోయిన చట్రాల చోట ముందుదాన్నే మళ్లీ వేసి ఖాళీ నింపాలి. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో దానికి ఎఫ్‌పీఎస్‌_మోడ్‌ను సీఎఫ్ఆర్ అని ఇవ్వండి, కాకి గారి ఎసింక్ కూడా ఉంచండి. రెండు ఇన్‌పుట్లకూ థ్రెడ్_క్యూ_సైజ్ పెంచండి, లేకపోతే డిస్కు ఒక్క క్షణం తడబడినా అక్కడా చట్రాలు పోతాయి.

రాత్రిబండి — బుధవారం, ఉదయం 8:30

ఈసారి ఆలోచించే చెప్తున్నా. రికార్డు చేసేటప్పుడే యాడిఫ్ ఫిల్టర్‌తో దువ్వెన పళ్లు తీసేసి హెచ్264లో రాసుకో, ఫైలు చిన్నగా ఉంటుంది.

చుక్కలముగ్గు — బుధవారం, ఉదయం 8:48

చిన్నగా ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ టేపు ఇంకెన్నిసార్లు తిరుగుతుందో ఎవరికి తెలుసు? అసలు ప్రతిని ఎఫ్ఎఫ్‌వీ1లో, క్షేత్రాలు కలపకుండా, నష్టం లేకుండా దాచాలి. దువ్వడం, నలపడం నకలు మీద చేసుకోవచ్చు. ముడి బొమ్మ లెక్క చూడండి: 720 × 576 × 2 బైట్లు × 25, అంటే సెకనుకు 20.7 మెగాబైట్లు, గంటకు దాదాపు 75 గిగాబైట్లు. ఎఫ్ఎఫ్‌వీ1 దాన్ని బాగా తగ్గిస్తుంది, టేపు గరుకును బట్టి. పదకొండు టేపులే కదా.

టేపుమోజు — శనివారం, రాత్రి 9:15

నాలుగు టేపులు అయ్యాయి. పొంతన చివరిదాకా నిలబడుతోంది, చిందరవందర చోట బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుని మళ్లీ కదులుతుంది, అంతే. ఎఫ్ఎఫ్‌వీ1లో దాస్తున్నాను, ఇంట్లోవాళ్లకు పంచడానికి రాత్రిబండి చెప్పినట్టు హెచ్264 నకళ్లు.

ఇదే కార్డుతో ఎవరైనా వస్తే పనికొస్తుందని నా దగ్గరున్నది పెడుతున్నా. /ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డి లో టీవీ.కాన్ఫ్ అని ఫైలు, అందులో ఒకే వరస: ఆప్షన్స్ ఎస్ఏఏ7134 కార్డ్=3 ట్యూనర్=5. నిన్న వెబ్‌క్యామ్ పెట్టి ఉంచి రీస్టార్ట్ చేస్తే అది వీడియో0ను లాక్కుంది, అరగంట నా మొహమే రికార్డు అయింది. ఇప్పుడు /డెవ్/వీ4ఎల్/బై-పాత్ కింద ఉన్న పొడుగు పేరు వాడుతున్నా, అది మారదు.

ఒక్కటే మిగిలింది. ఒక టేపులో ధ్వని వెనకాల సన్నగా బుయ్ మంటోంది. మిగతా వాటిలో లేదు.

సోల్డరింగ్‌సూరి — శనివారం, రాత్రి 9:40

ఒక్క టేపులోనే ఉంటే కేబుల్ తప్పు కాదు, టేపులోనే రికార్డయి ఉంటుంది. ఆ రోజు కెమెరా పక్కన ట్యూబులైటో, ఫ్యానో ఉందేమో చూడండి. మీ నాన్నగారు తిప్పమన్న లైటే అయ్యుండొచ్చు.

స్టిక్కరు చేతికి వదిలిందా?